గైడుకి పరీక్ష

ఫణిశంకర్‌కి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఈ సంగతి పలాస, కాశీబుగ్గల్లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే అందరికీ చెప్పాడు. టెక్కలిలో ఒక ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పొద్దున్న బస్సెక్కితే డ్రైవరుకి గేరు ఎప్పుడు మార్చాలో చెప్తాడు. మధ్యాహ్నం క్యాంటీన్ వాడికి సాంబారు ఎందుకు పాడైందో చెప్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి భార్య వైదేహికి పాఠం ఎలా చెప్పాలో చెప్తాడు. వైదేహి వజ్రపుకొత్తూరు వైపు హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా సోషల్ చెప్తోంది. ఆయన ఒక్కరోజు కూడా చాక్‌పీసు పట్టుకున్న పాపాన పోలేదు. అయినా చెప్తాడు.

ఇలాంటి మనిషితో ఊళ్ళు చూడ్డానికి వెళ్ళడం ఎలా ఉంటుందో వైదేహిని అడగాలి. మైసూరు వెళ్ళినప్పుడు ప్యాలెస్ దగ్గర ఒక గైడుని మాట్లాడుకున్నారు. తెల్లచొక్కా పెద్దాయన, తెలుగు కూడా వచ్చు. మొదటి గుమ్మం దాటకముందే ఫణిశంకర్ ఆయన్ని మూడుసార్లు సరిదిద్దాడు. రెండో గుమ్మం దగ్గర, “ఆ మాట మీకెవరు చెప్పారండీ?” అని నిలదీశాడు. దర్బారు హాలుకి వచ్చేసరికి ఆ పెద్దాయన చేతులు జోడించి, “సార్, మీరే చెప్పండి, నేను వింటాను,” అన్నాడు. అది ఎత్తిపొడుపని అక్కడి గోడలక్కూడా అర్థమైంది. ఫణిశంకర్ మాత్రం గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. గైడు టీ తాగొస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ ప్యాలెస్‌లో వైదేహికి గుర్తున్నదల్లా మొగుడి చూపుడువేలు. పైకప్పు చూద్దామని తలెత్తితే ఆ వేలే అడ్డొచ్చేది. పూరీలోనూ అంతే. కాశీలోనైతే పడవవాడికి గంగ ఎటు పారుతుందో చెప్పాడు మహానుభావుడు.

అందుకే దుబాయి ప్రయాణం అనుకున్నప్పుడు వైదేహి ఒకే ఒక షరతు పెట్టింది. దుబాయి ఆవిడ కోరిక. పొడుగాటి భవనాల మీద మోజు కాదు. అక్కడ ఊరి మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒకటుంది. దానిమీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని చేరవేసే చెక్క పడవలున్నాయి. పాతకాలపు రేవుల పాఠం చెప్తూ ప్రతి ఏడూ పిల్లలకి ఆ బొమ్మ చూపించేది. ఆ పడవలో చెక్కబల్ల మీద కూర్చుని, రెండు ఒడ్డులూ తన కళ్ళతో తను చూసుకోవాలి. ఎవరూ చెవిలో మోగకూడదు. ఒక్క గంట చాలు.

“మనకంటూ ఒక గైడు ఉండాలి. ఆ మనిషి చెప్తే ఇద్దరం వినాలి. గైడు కుదరకపోతే నేను రాను, టికెట్లు కొనకండి,” అంది.

ఆవిడ లెక్క ఆవిడది. ఇంకో నోరు ఆడుతూంటే ఈ నోరు కాసేపైనా మూతపడుతుందని ఆశ. పాపం, ఇరవై రెండేళ్ళ కాపురం తర్వాత కూడా ఆశపడింది. ఫణిశంకర్ వెంటనే ఒప్పుకున్నాడు. గైడుని పెట్టుకోవడమంటే ముందు గైడుని పరీక్ష చెయ్యొచ్చు కదా!

మొదటి పరీక్ష వీడియో కాల్‌లో జరిగింది. అవతల ఒక మలయాళీ కుర్రాడు, దుబాయిలో పదేళ్ళుగా గైడు. అక్కడి ఎత్తయిన భవనం ఎత్తెంతని ఫణిశంకర్ అడిగాడు. ఎనిమిదివందల ఇరవై ఎనిమిది మీటర్లన్నాడు అతను. “ఇరవై తొమ్మిది పాయింట్ ఎనిమిది,” అన్నాడు ఫణిశంకర్, ఫోన్ పక్కన పెట్టుకున్న కాగితం చూస్తూ. “పైకెక్కితే ఆ తేడా కనపడదు సార్,” అని నవ్వాడు కుర్రాడు. నవ్వాడు కాబట్టి పనికిరాడు. రెండోది హైదరాబాదు ఆవిడ. ఆ దేశంలోని ఏడు రాజ్యాల పేర్లు పెద్దదాన్నుంచి చిన్నదానిదాకా వరసగా చెప్పమన్నాడు. కాల్ కట్టయిపోయింది.

“నెట్ పోయినట్టుంది,” అన్నాడు ఫణిశంకర్.

నెట్ పోలేదు. నిమిషం తిరక్కుండా వైదేహి ఫోన్‌కి ఆవిడ మెసేజ్ వచ్చింది. ‘సారీ మేడం, నాకు కుదరదు’ అని. వైదేహి ఆ మెసేజ్ మొగుడికి చూపించలేదు. చూపించినా లాభం లేదు, ఆవిడ వాక్యంలో తప్పులు పడతాడు.

అప్పుడు గుర్తొచ్చింది రూప. పదిహేనేళ్ళ కిందట వైదేహి దగ్గర పదో తరగతి చదివిన పిల్ల. అక్కుపల్లిలో సముద్రం మీద వేటకెళ్ళే సన్యాసయ్య కూతురు. పలాసలో డిగ్రీ చేసి, దుబాయిలో హోటల్ పనికెళ్ళి, రెండేళ్ళు రాత్రుళ్ళు చదివి అక్కడి ప్రభుత్వం పెట్టే గైడు పరీక్ష పాసైంది. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంటోంది. గంగమ్మ పండక్కని ఊరొచ్చి పదిరోజులైంది. ఫోన్ చేస్తే, “మీకు కాకపోతే ఎవరికి సేత్తాను మేడం!” అంది.

ఫణిశంకర్ మొహం చిట్లించాడు. “అక్కుపల్లి పిల్లా? చేపలవాళ్ళమ్మాయి మనకి దుబాయి చూపిస్తుందా?”

“ఆ అమ్మాయి దుబాయిలో ఎనిమిదేళ్ళుంది. మీరెన్నాళ్ళున్నారు?”

“ఉండక్కర్లేదు వైదేహీ. చదివితే చాలు.” అని లోపలికెళ్ళి ఒక పుస్తకం తెచ్చాడు. టెక్కలి జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన అరవై నాలుగు పేజీలు. అట్ట మీద ‘దుబాయి: సమగ్ర పరిచయం’, కింద తన పేరు. “ఇది ఆ అమ్మాయికిస్తాను. వెళ్ళేలోగా చదువుకుంటుంది.”

అంతటితో ఆగితే ఫణిశంకర్ ఎందుకవుతాడు? పుట్టిన ఊరు చూపించలేని మనిషి పరాయి ఊరు ఏం చూపిస్తుందని ఒక ప్రశ్న లేవదీశాడు. ముందు అక్కుపల్లి చూపించమను, మార్కులేస్తాను, నచ్చితే మాట్లాడుకుందాం అన్నాడు. ఈ మాట ఫోన్‌లో చెప్పడానికి వైదేహికి తల కొట్టేసినట్టయింది. రూప మాత్రం నవ్వేసింది. “రండి మేడం. మా అయ్యతో సెప్పి సముద్రం మీదికి కూడా తీసుకెల్తాను.”

ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద బయల్దేరారు. దారి పొడుగునా జీడితోటల గురించి, కొబ్బరి గురించి, పాత తుఫాను గురించి ఉపన్యాసం. వైదేహి పుట్టి పెరిగింది మందసలో, జీడిచెట్ల మధ్యన. హెల్మెట్ ఉండబట్టి సగమే వినపడింది. హెల్మెట్ కనిపెట్టినవాడికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

ఒడ్డున రూప ఎదురొచ్చింది. ఇసక మీద వల పరిచి తల్లి జోగమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. అవతల తండ్రి సన్యాసయ్య, అన్న ప్రకాష్ పడవ దగ్గరున్నారు. ప్రకాష్ ఇద్దరు పిల్లల తండ్రి, మాట తక్కువ మనిషి.

ఫణిశంకర్ ముందు రూప గైడు కార్డు అడిగి తీసుకున్నాడు. ఎండకి ఎత్తి చూశాడు. ఫొటో అంచుని గోటితో గీకి చూశాడు, అంటించిందేమోనని. వైదేహి మొహం పక్కకి తిప్పుకుంది. కార్డు తిరిగిచ్చి, దానితోపాటు తన పుస్తకం రూప చేతిలో పెట్టాడు. రూప అట్ట చూసి, “థాంక్యూ సార్,” అని జోగమ్మ పక్కన ఉన్న గంప మీద పెట్టింది.

తర్వాత ఊరు చూపించడం మొదలుపెట్టింది. బాగా చెప్పింది పిల్ల. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలిసిన మనిషి. వేటకెళ్ళిన పడవలు ఆలస్యమైతే ఆడవాళ్ళు నిలబడి చూసే దిబ్బ చూపించి ఒక్క మాటన్నది, “మా అమ్మ ఇక్కడ నిలబడ్డప్పుడు మేం అన్నం అడిగేవాళ్ళం కాదు,” అని. ఆ మాటకి వైదేహి ఆ దిబ్బకేసి నిజంగా చూద్దామని తలెత్తింది. చూపుడువేలు అడ్డొచ్చింది.

“ఇసక దిబ్బలు గాలి దిశని బట్టి ఏర్పడతాయి,” అన్నాడు ఫణిశంకర్.

గంగమ్మ గుడి దగ్గర పండగ ఎలా పుట్టిందో రూపకి చెప్పాడు. వలల దగ్గర వల కళ్ళ కొలతలు చెప్పాడు. తిరిగొచ్చి జోగమ్మ ముందు గొంతుక్కూర్చుని, చేపలు ఎండబెట్టే ముందు ఉప్పు ఎంతసేపు పట్టించాలో వివరించాడు. జోగమ్మ చేతిలో పని ఆపకుండా అంతా విన్నది.

“ఓలమ్మ! అలాగేటి బాబూ? నలభయ్యేళ్ళ నుంచి తెలీక సచ్చిపోతన్నాం. బేగి వొచ్చి సెప్పినావు కాదు,” అంది.

ఫణిశంకర్ పొంగిపోయాడు. “చూశావా వైదేహీ, నేర్చుకోవాలనే తపన!”

రూప వైదేహిని పక్కకి పిలిచింది. “మేడం, మీరడిగారని ఒప్పుకున్నాను. మీకోసం ఎంతకైనా ఓర్సుకుంటాను. కానీ దుబాయిలో నాలుగు రోజులు ఇలాగే అయితే నావల్ల కాదు. మీకే ఏటీ మిగలదు. మీరు సూడ్డానికొత్తన్నారు కదా?”

వైదేహి లెక్క చూసుకుంది. ఇద్దరు పోయారు, ఈ పిల్ల మూడోది. రూప కాదంటే గైడు లేదు, గైడు లేకపోతే ప్రయాణం లేదు. షరతు పెట్టింది తనే. షరతు తీసేసి వెళ్తే ఆ చెక్కపడవ మీద కూడా ఆ వేలే ఉంటుంది. “ఈ పూట చూడమ్మా. పడవలో కూర్చుంటే కాస్త కుదురుగా ఉంటారేమో,” అంది. అలా అంటున్నప్పుడు ఆవిడకే నమ్మకం లేదు.

పడవ ఎక్కేముందు సన్యాసయ్య ఒకే ఒక మాట చెప్పాడు. “బాబూ, ఒడ్డుకాడ కెరటాలు దాటేదాకా పడవలో ఒక్క నోరే. నాను ముందు నిలబడి కెరటం సూసి సెప్తాను. మావోడు ఎనక ఇంజను కాడ ఇంటాడు. ఆడికి మీ అందరి తలకాయలూ అడ్డం, కెరటం అవుపడదు. సెవులే కళ్ళు. దాటీదాకా మిగిలినోల్లెవులూ నోరిప్పకూడదు.”

అది ఆ ఊళ్ళో తాతల నాటి అలవాటు. తండ్రీ కొడుకూ అని లేదు, మావా అల్లుడూ అని లేదు, ఆ నాలుగు నిమిషాలూ ముందు నిలబడ్డవాడిదే మాట. నలుగురికీ ఊరు చూపించి బతుకుతున్న రూప కూడా పడవెక్కగానే పెదాలు బిగించుకుంది.

“కరెక్టే,” అన్నాడు ఫణిశంకర్. “ఎందుకంటే ఇంజను శబ్దంలో రెండు గొంతులు కలిస్తే...” అంటూ ఆ అలవాటు ఎందుకొచ్చిందో సన్యాసయ్యకే విప్పి చెప్పాడు. చెప్తూ చెప్తూ వెళ్ళి సన్యాసయ్య కాళ్ళ దగ్గర, అందరికన్నా ముందు కూర్చున్నాడు. అక్కడైతే వీడియో బాగా వస్తుందట. ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు.

పడవని నలుగురు నెట్టారు. ఇంజను అందుకుంది. మొదటి కెరటం కింద నుంచి సాఫీగా జారిపోయింది. సన్యాసయ్య, “పోనీ, పోనీ,” అంటున్నాడు. వైదేహి రూప చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎన్నాళ్ళకో మాటల్లేని గాలి మొహానికి తగిలింది. ఇంకో రెండు కెరటాలు దాటితే అయిపోయేది.

రెండోది కొంచెం ఎత్తుగా లేచింది. పెద్ద ప్రమాదమేం కాదు, అలాంటివి సన్యాసయ్య రోజుకి పది చూస్తాడు. వేగం తగ్గించకుండా తిన్నగా ఎక్కితే చాలు. కానీ టెక్కలి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుకి వేరే అభిప్రాయం కలిగింది.

“ఆపు! ఆపు! ఎడమకి తిప్పు!” అని గొంతు చించుకుని అరిచాడు.

ప్రకాష్ ఆపేశాడు. ఎడమకి తిప్పాడు.

అతన్ని అనడానికి లేదు. ఆ పడవలో ముందు నుంచి వచ్చేది ఒక్క గొంతే. పుట్టిన దగ్గర్నుంచీ విన్నదే అది. ముందు నుంచి మాట వస్తే ఎవరన్నారని ఎదురు ప్రశ్న వేసేవాడు ఆ ఊళ్ళో లేడు. వేగం చచ్చిన పడవ కెరటానికి పక్కకి తిరిగింది. కెరటం దాన్ని ఒళ్ళో ఉన్న గిన్నెలా ఒక పక్కకి వంచి, మనుషుల్ని పారబోసి, ఒడ్డు వైపు తోసుకుంటూ పోయింది.

నడుం లోతు నీళ్ళు. ఎవరూ మునిగిపోయేంత లేదు. అయినా వైదేహి నీళ్ళు మింగింది, మోచేయి గీరుకుపోయింది, ఒక క్షణం ఆకాశం ఎటుందో తెలియలేదు. రూప జబ్బ పట్టుకుని లేపింది. ఒడ్డున ఉన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి పడవ పట్టుకున్నారు. ప్రకాష్ అరిచేయి ఇంజను రేకుకి తెగి రక్తం కారుతోంది. జోగమ్మ పైట చించి కట్టింది.

సన్యాసయ్య కొడుకు దగ్గరికెళ్ళాడు. “ఎవుల మాట ఇన్నావురా?”

“ముందుకాడ నుంచి ఆపమన్నారయ్యా. ఆపినాను.”

సన్యాసయ్య ఫణిశంకర్ వైపు ఒక్కసారి చూశాడు. పాడైపోయిన వలని చూసినట్టు చూసి తల తిప్పుకున్నాడు.

ఫోన్ సముద్రంలో పోయింది. ప్యాంటు నిండా ఇసక. ఒక కాలికే చెప్పుంది. ఈ అవతారంలో ఒడ్డున నిలబడి ఫణిశంకర్ ఏం చేస్తున్నాడనుకున్నారు? చెప్తున్నాడు. కెరటం ఏ కోణంలో వచ్చిందో, పడవ ముక్కు ఎంత తిరగాల్సిందో, ప్రకాష్ తిప్పడం ఎలా ఆలస్యమైందో చెప్తున్నాడు. తెగిన చేతికి పైట కట్టకూడదని, ముందు ఎత్తి పట్టుకోవాలని కూడా చెప్పాడు.

“నోర్ముయ్యి బాబూ,” అంది జోగమ్మ. చాలా మామూలుగా అంది, చేపల మీద వాలిన కాకిని అదిలించినట్టు. “నా కొడుకు సెయ్యి తెగింది నీ నోటికే.”

ఫణిశంకర్ నోరు తెరిచి వైదేహి వైపు చూశాడు, చూశావా ఎలా మాట్లాడుతున్నారో అన్నట్టు. వైదేహి ఆయన్ని చూసింది. భయం ఎప్పుడో పోయింది, దాని చోట కోపం వచ్చింది. మైసూరు కోపం, పూరీ కోపం, కాశీ కోపం, ఇన్నేళ్ళ కోపమంతా ఒక్కసారే వచ్చింది. తను మునిగిపోతే కూడా ఈ మనిషి ఒడ్డున నిలబడి ఎందుకు మునిగిందో చెప్తాడు. అంతే చేస్తాడు. చెయ్యి మాత్రం అందివ్వడు. ఇందాక అందివ్వలేదు కూడా. లేపింది రూప.

రూప తడిజుట్టు పిండుకుంటూ వచ్చింది. “మేడం, క్షమించండి. సార్‌ని నాను తిప్పలేను. మా అన్నియ్య సెయ్యి సూసినాక ఇంక ఓర్సుకోలేను. మీరు మంచోరు, ఇంకెవర్నైనా సూసుకోండి.”

వైదేహి ముందు ప్రకాష్ దగ్గరికెళ్ళింది. “బాబూ, తప్పు మాది,” అంది. తర్వాత సన్యాసయ్య దగ్గరికెళ్ళింది. “సన్యాసయ్య గారూ, మళ్ళీ ఒకసారి తీసుకెళ్తారా? ఇంజను ఇంకెవరైనా పట్టుకుంటే. నేనూ, రూపా, అంతే.”

“భయం లేదేటమ్మా?”

“ఉంది. కానీ నేను నోరు విప్పను.”

సన్యాసయ్య కెరటాల కేసి ఒకసారి చూశాడు. తర్వాత తన తమ్ముణ్ణి కేకేశాడు. ఫణిశంకర్ అడ్డొచ్చాడు. “వైదేహీ, నీకు తెలీదు, ఇప్పుడు పోటు పెరిగే టైము...” వైదేహి ఆయన పక్క నుంచి నడిచి వెళ్ళి పడవెక్కింది. కొంగు నడుముకి బిగించుకుంది.

ఈసారీ కెరటాలు అంతే ఎత్తు ఉన్నాయి. సన్యాసయ్య, “పోనీ,” అన్నాడు. “ఆగు,” అన్నాడు. “ఇప్పుడు,” అన్నాడు. మొత్తం ఆరు మాటలు, వైదేహి ఒక్కోటీ విన్నది. పడవ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. తర్వాత నీళ్ళు మెత్తబడ్డాయి. సన్యాసయ్య తిరిగి కూర్చుని తుండుతో మొహం తుడుచుకున్నాడు, అంటే దాటేశామని అర్థం.

వైదేహి వెనక్కి తిరిగి చూసింది. ఆ ఒడ్డుని ఆవిడ వేయిసార్లు చూసింది, కానీ ఒడ్డు మీద నిలబడి చూసింది. ఇప్పుడు నీళ్ళ మీద నుంచి చూస్తోంది. ఇసక సన్నటి పట్టీలా ఉంది. వెనక కొబ్బరి, జీడి కలిసిపోయిన పచ్చదనం. ఇంకా వెనక మహేంద్రగిరి కొండలు నీలంగా, సముద్రానికి అంత దగ్గరున్నాయని ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. ఏ కొండ ఎంత ఎత్తో ఎవరూ చెప్పలేదు. రూప పక్కనే కూర్చుని ఊరుకుంది. వైదేహికి కళ్ళ నీళ్ళొచ్చాయి, అవి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

ఒడ్డు మీద ఫణిశంకర్ చిన్నగా కనపడుతున్నాడు. చెయ్యెత్తి వేలు చూపిస్తున్నాడు. నోరు ఆడుతూనే ఉంది. ఒక్క ముక్క కూడా ఇక్కడిదాకా రావడం లేదు. ఆయనకి కొంచెం అవతల జోగమ్మ ఆ స్పైరల్ పుస్తకాన్ని విప్పి, గాలికి వల లేచిపోకుండా దాని కొస మీద బరువుగా పెట్టింది.

“రూపా,” అంది వైదేహి. “అక్కడ నాకు చూపించు. టికెట్ ఒక్కటే కొంటాను.”

రూప తల తిప్పి చూసింది. “మరి సారు మేడం?”

“ఆయనకెందుకమ్మా? ఆయనకి దుబాయి అంతా తెలుసు కదా.”